ఏబీఏ థెరపీ: ఎన్ని గంటలు, ఎవరి లక్ష్యాలు?

ఆటిజం ఉన్న పిల్లలకు ఇస్తున్న ఏబీఏ థెరపీ గురించి జంట నగరాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ వారం జవాబులు ఇస్తున్నాం. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. పిల్లలెవరో తెలియకుండా కొన్ని వివరాలు తొలగించాం.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఈమధ్యే ఆటిజం అని నిర్ధారించారు. వారానికి 40 గంటలు ఏబీఏ ఇప్పిస్తేనే ఫలితం ఉంటుందని, ఆలస్యం చేస్తే ఆ తర్వాత ఎంత చేసినా లాభం లేదని మా దగ్గరలోని సెంటర్‌లో చెప్పారు. ఆ ఫీజు కట్టాలంటే మా ఇద్దరి జీతాల్లో ఒకటి పూర్తిగా దానికే పోతుంది. బాబును ప్లేస్కూల్ కూడా మాన్పించాలి. అసలు ఏబీఏ అంటే ఏమిటి? 40 గంటలు తప్పనిసరా?
ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: తప్పనిసరి కాదు. మీరు ముందుగా వినవలసిన మాట అదే కనుక మొదటే చెప్పేస్తున్నాను.

ఏబీఏ అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. ఒక పనికి ముందు ఏం జరిగింది, ఆ పని చేసిన వెంటనే ఏం దక్కింది అన్నదాన్ని బట్టే ఆ పని మళ్లీ మళ్లీ జరగడమో, క్రమంగా తగ్గిపోవడమో ఉంటుందన్న సూత్రం మీద ఇది నడుస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో రాబట్టిన ఈ సూత్రాలను మనుషుల నిత్యజీవిత అవసరాలకు వాడే శాస్త్రంగా 1960లలో ఇది రూపుదిద్దుకుంది. 1968లో దీనికంటూ ఒక పరిశోధన పత్రిక కూడా మొదలైంది. ఆచరణలో చూస్తే, ఒక పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, మొదట చెయ్యి పట్టి చేయించి ఆ సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం, చేసిన వెంటనే పిల్లవాడికి ఇష్టమైనది అందించడం, ప్రతిరోజూ లెక్క రాసుకుని పని చేయని పద్ధతిని మార్చడం దీనిలోని ముఖ్యాంశాలు. చివరిది చాలాచోట్ల జరగదు. ఫైలు నిండా టిక్కులు ఉంటాయి గానీ, వాటిని చూసి మార్చిన పద్ధతి ఒక్కటీ కనిపించదు.

ఇక ఆ 40 అంకె 1987 నాటిది. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇవార్ లోవాస్ అనే ఆచార్యుడు నాలుగేళ్ల లోపు పిల్లలు 19 మందికి రెండేళ్లకు పైగా, వారానికి 40 గంటలకు మించి శిక్షణ ఇప్పించి, వారిలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తి చేశారని, వారి ఐక్యూ కూడా సగటు స్థాయికి చేరిందని ప్రచురించారు. ఎంతోమంది తల్లిదండ్రులకు అది కొండంత ఆశ ఇచ్చింది. అయితే ఏ పిల్లవాడు ఏ జట్టులోకి వెళ్లాలన్నది అక్కడ లాటరీ తీసినట్టు నిష్పాక్షికంగా నిర్ణయించలేదు. థెరపిస్టులు అందుబాటులో ఉన్నదాన్ని బట్టి పంచారు. గట్టిగా ‘నో’ అని గద్దించడం, తొడ మీద కొట్టడం కూడా ఆ శిక్షణలో భాగంగా ఉండేవి. 40 గంటల గురించి చెప్పేవారు ఈ రెండు సంగతులూ చెప్పరు.

తర్వాత వచ్చిన పరిశోధనలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో జల్లెడ పట్టినప్పుడు నిలిచినవి 5 అధ్యయనాలే. వాటన్నింటిలో కలిపి ఉన్నది 219 మంది పిల్లలు. కొందరికి మేలు జరగవచ్చు గానీ ఆధారాలు బలహీనంగా ఉన్నాయని ఆ సమీక్ష తేల్చింది. చిన్నపిల్లలకు ఇచ్చే రకరకాల శిక్షణలపై 144 అధ్యయనాలను కలిపి పరిశీలించిన విశ్లేషణ ఒకటి 2024లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. గంటలు పెరిగిన కొద్దీ ఫలితమూ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం అందులో దొరకలేదు. చిన్న వయసులో మొదలుపెట్టడం మంచిదే. అంతమాత్రాన మూడున్నరేళ్ల పిల్లవాడిని, మధ్యాహ్నం నిద్ర కూడా పోనివ్వకుండా, పెద్దవాళ్ల ఆఫీసు వేళల్లో కుర్చీలో కూర్చోబెట్టాలని దాని అర్థం కాదు.

ఇప్పుడు ఇదే శాస్త్రం నుంచి ఆటలో, రోజువారీ పనుల్లో కలిపి నేర్పే పద్ధతులు వచ్చాయి; ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అటువంటిది. ఉదాహరణకు బాబుకు స్నానం చేయించేటప్పుడు రెండు మగ్గులు పోసి, మూడోది ఎత్తి పట్టుకుని ఆగండి. వాడు మీ వైపు చూసినా, చెయ్యి చాపినా, ‘పో’ అన్నా వెంటనే పోయండి. ఏమీ చేయకపోతే కొద్ది క్షణాలు ఆగి, మీరే ‘పో’ అని పోసేయండి, ఏడిపించవద్దు. అడిగితే దొరుకుతుందన్న సంగతి ఆ నీళ్లతోనే తెలుస్తుంది. రోజూ జరిగే స్నానం, దోసె, లిఫ్ట్ బటన్, చెప్పులు, అన్నీ ఇందుకు పనికివస్తాయి. ఈ తరహా సాధన మీకు నేర్పించి, వారంలో కొన్ని గంటలు తాము బాబుతో పనిచేసే థెరపిస్టు దొరికితే ప్లేస్కూల్ మాన్పించాల్సిన పని లేదు. సెంటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘మూడు నెలల తర్వాత మా బాబు ఇంట్లో ఏ కొత్త పని చేయగలుగుతాడు?’ దానికి జవాబుగా మళ్లీ గంటల లెక్కే చెబితే, వేరే చోటు చూసుకోండి.

ప్రశ్న: నా మనవడికి ఆరేళ్లు. పది పదిహేను మాటలు మాత్రమే వచ్చు. సాయంత్రమయ్యేసరికి రక్తం వచ్చేలా తన చేతిని తానే కొరుక్కుంటాడు, అందిన పళ్లెం విసిరేస్తాడు. పట్టించుకోకుండా ఉంటే అదే తగ్గుతుందని థెరపిస్టు చెప్పారు. అలాగే చేశాం, ఇంకా ఎక్కువైంది. రెండు తగిలిస్తే దారికి వస్తాడని బంధువులు అంటున్నారు. మా అమ్మాయి ఏడ్వని రోజు లేదు.
ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: అమ్మమ్మగారూ, బంధువుల సలహా మాత్రం పాటించకండి. దెబ్బకు భయపడి ఆ పూట ఆపినా, ఎందుకు కొరుక్కుంటున్నాడో అది అలాగే ఉండిపోతుంది. పైగా పెద్దవాళ్లు దగ్గరికి వస్తే భయపడడం ఒకటి అదనంగా నేర్చుకుంటాడు.

మొదట పిల్లల డాక్టర్‌కు, పళ్ల డాక్టర్‌కు చూపించండి. పుచ్చు పన్ను, చెవి నొప్పి, మలబద్ధకం, నిద్ర చాలకపోవడం, వీటిలో ఏదున్నా చెప్పుకోలేని పిల్లవాడు ఇలాగే చెబుతాడు. ఆరేళ్ల వయసులో పళ్లు ఊడి కొత్తవి వచ్చే బాధ కూడా ఉంటుంది.

అక్కడ ఏమీ తేలకపోతే అప్పుడు ఏబీఏలో అన్నిటికంటే విలువైన ప్రశ్న వేసుకోవాలి: ఈ పని వల్ల వాడికి ఏం దొరుకుతోంది? బ్రయాన్ ఇవాటా, ఆయన సహచరులు 1982లో ప్రచురించిన పరిశోధన తర్వాత ఇటువంటి ప్రవర్తనకు కారణాలను స్థూలంగా నాలుగుగా చూస్తున్నారు. పెద్దవాళ్లు తన వైపు తిరగాలని కావచ్చు, కావలసిన వస్తువు కోసం కావచ్చు, భరించలేని దాని నుంచి తప్పించుకోవడానికి కావచ్చు, లేదా ఆ పనే ఒంటికి ఏదో ఊరటనిస్తూ ఉండవచ్చు. పట్టించుకోవద్దన్న సలహా పనికివచ్చేది వీటిలో మొదటిదానికే. తప్పించుకోవడానికి కొరుక్కునే పిల్లవాడిని పట్టించుకోకపోతే, వాడు ఇంకా గట్టిగా కొరుక్కుంటాడు. కారణం కనుక్కోకుండా ఆ సలహా ఇచ్చి ఉంటే అది తొందరపాటే.

కారణం పట్టుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మీ మనవడి లాంటి ఇంకో పిల్లవాడి తల్లి పాల లెక్క రాసే పుస్తకం వెనుక పేజీల్లో మూడు గళ్లు గీసి, ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం అని రాసుకుంటూ వచ్చారు. ఆకలి వల్ల అలా చేస్తున్నాడని ఇంట్లో అందరి నమ్మకం. తీరా పేజీలు తిరగేస్తే మొదటి గడిలో దాదాపు ప్రతిసారీ ఒకటే ఉంది: పప్పు కుక్కర్ పొయ్యి మీద ఉంది, రెండో విజిల్ వచ్చింది. మూడో గడిలో కూడా ఒకటే ఉంది: ఫోన్ ఇచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టాం. అంటే విజిల్ నుంచి తప్పించుకోవడం, పైన ఫోన్ దక్కడం, రెండూ కొరుక్కోవడం వల్లే జరుగుతున్నాయి. ఆ ఇంట్లో పప్పు పొద్దున బాబు బడికి వెళ్లాక ఉడకబెట్టడం మొదలుపెట్టారు. శబ్దాన్ని ఆపే హెడ్‌ఫోన్లు వాడికి అందేచోట తగిలించారు. చెవులు మూసుకున్న పిల్లవాడి బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి ఇచ్చి, దాన్ని చూపిస్తే వెంటనే బాల్కనీలోకి తీసుకెళ్తామని అలవాటు చేశారు. మొదట్లో విజిల్ రాకముందే చెయ్యి పట్టి ఆ బొమ్మను చూపించేవారు. తర్వాత వాడే తెచ్చి చూపించేవాడు. అడగడం నేర్పితే ఇటువంటి ప్రవర్తన తగ్గుతుందని ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ 1985లో నలుగురు పిల్లలతో చేసిన ప్రయోగంలో చూపించారు. ఆ తల్లి చేసింది కూడా అదే.

మీ ఇంట్లో కారణం కుక్కరే అయి ఉండనక్కర్లేదు. వారం పది రోజులు రాసి, ఆ పేజీలు థెరపిస్టు ముందు పెట్టండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కారణం సరిగ్గా పట్టుకుని, దక్కేదాన్ని ఆపినప్పుడు కూడా ప్రవర్తన తగ్గే ముందు కొన్నాళ్లు ఉధృతం కావచ్చు. ఆ ఉధృతికి తట్టుకోలేక ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ చేతిలో పెడితే, అంత గట్టిగా చేస్తేనే దొరుకుతుందని వాడికి రూఢి అవుతుంది. అందుకే రక్తం వచ్చే స్థాయిలో ఉన్న పిల్లవాడి విషయంలో పట్టించుకోకుండా ఉండే పద్ధతిని నిపుణులు పక్కన లేకుండా ఇంట్లో ప్రయత్నించకూడదు. కొరుక్కోబోతే మాటలేమీ లేకుండా, కోపం చూపకుండా, మధ్యలో మెత్తని దిండు అడ్డుపెట్టండి. ఇంట్లో నలుగురూ ఒకే మాట మీద ఉండాలి, తాతగారు కూడా.

ప్రశ్న: ఏబీఏలో ప్రతి పనికీ చిప్సో చాక్లెట్టో ఇస్తున్నారు. ఇది లంచం కాదా? రేపు తాయిలం లేకపోతే పిల్లలు పని చేస్తారా?
ఒక ఉపాధ్యాయుడు, అల్వాల్

జవాబు: ఏడుపు ఆపమని చాక్లెట్ ఇస్తే అది లంచం, ఎందుకంటే అక్కడ బలపడేది ఏడుపే. చొక్కా గుండీ పెట్టుకున్న తర్వాత ఇస్తే అది ప్రతిఫలం. ఈ తేడా ఉన్నా మీ అనుమానం న్యాయమైనదే. తినే వస్తువుతో మొదలుపెట్టి రెండేళ్ల తర్వాత కూడా తినే వస్తువు దగ్గరే ఆగిపోయిన పిల్లలను మన సెంటర్లలో చూస్తూనే ఉంటాం. మంచి థెరపిస్టు చిప్స్‌తో పాటు మెచ్చుకోలు, చక్కిలిగింతలు, ఇష్టమైన ఆట జత చేస్తూ, ప్రతిసారీ ఇవ్వడం నుంచి అప్పుడప్పుడు ఇవ్వడానికి మారుతూ, చివరికి పని వల్ల సహజంగా వచ్చే లాభమే ప్రతిఫలమయ్యేలా చూస్తారు. ‘నీళ్లు’ అని అడిగినందుకు దక్కవలసింది నీళ్లు, చాక్లెట్ కాదు. మీ తరగతిలో ఆటిజం ఉన్న విద్యార్థి ఉంటే ఈ ఒక్క నియమం పాటించినా ఎంతో ఉపయోగం. ఎప్పుడూ ఇంట్లో దొరికే వస్తువు బడిలో ప్రతిఫలంగా పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, ఆటిజం ఉంది, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు నా చేతులు ఆడించకుండా ఉన్నందుకు స్టార్లు ఇచ్చేవారు, కళ్లలోకి చూడకపోతే గడ్డం పట్టుకుని తిప్పేవారు. ఇప్పటికీ మీటింగ్‌లో ఎవరి కళ్లలోకైనా చూస్తే వాళ్లేం చెప్పారో నాకు వినిపించదు. ఇదే పద్ధతిని మీ పత్రిక తల్లిదండ్రులకు ఎందుకు సిఫారసు చేస్తోంది?
ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసింది మీ ఒక్కరి అనుభవం కాదు. చిన్నప్పుడు ఏబీఏ తీసుకుని పెద్దవారైన ఆటిస్టిక్ వ్యక్తులు చాలా దేశాల్లో ఇవే మాటలు చెబుతున్నారు: చేతులు ఆడించడం, ఊగడం తమకు ఊరటనిచ్చేవని, వాటిని ఆపించడంతో రోజంతా మామూలు మనిషిలా నటించడమే నేర్చుకున్నామని, ఆ నటన అలసటగా, ఆందోళనగా మిగిలిందని. లోవాస్ కాలపు లక్ష్యం పిల్లవాడు మిగతా పిల్లల్లా కనిపించడం. ఆ లక్ష్యమే తప్పని నా అభిప్రాయం. కళ్లలోకి చూడడం వినడానికి గుర్తు కాదని మీ మీటింగ్ సంగతే చెబుతోంది. ఎవరికీ హాని లేని కదలికను చుట్టాల ముందు బాగుండదని ఆపించడం చికిత్స కిందికి రాదు.

ఈ రంగంలో దీనికన్నా చీకటి అధ్యాయాలూ ఉన్నాయి. అమెరికాలో ఒక సంస్థ ప్రవర్తన అదుపు పేరిట విద్యుత్ షాకులు వాడుతూ వచ్చింది. ప్రవర్తన విశ్లేషకుల అంతర్జాతీయ సంఘం దాన్ని అధికారికంగా వ్యతిరేకించడానికి 2022 వరకు పట్టింది.

అయినా నేను పూర్తిగా వద్దనలేకపోతున్నాను. పై ఉత్తరంలోని అమ్మమ్మగారి మనవడి చేతికి రక్తం వస్తోంది. వాడికి ‘ఆపండి’ అని చెప్పే మార్గం నేర్పడానికి ఉన్న పద్ధతుల్లో గట్టి అనుభవం ఈ శాస్త్రానికే ఉంది. కనుక తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది: లక్ష్యాల పట్టిక చేతిలోకి తీసుకుని, ప్రతి లక్ష్యం పక్కన ఇది నెరవేరితే ఎవరికి సుఖం అని రాసుకోండి. దాహం చెప్పుకోవడం, రోడ్డు దాటేటప్పుడు ఆగడం, టాయిలెట్‌కు వెళ్లడం, వద్దనడం, ఇవి పిల్లవాడికి పనికివచ్చేవి. చేతులు కదలకుండా కూర్చోవడం, కళ్లలోకి చూడడం చూసేవాళ్లకు పనికివచ్చేవి, వాటిని కొట్టేయించండి. పిల్లవాడు సెషన్ గది గుమ్మం దగ్గర రోజూ ఏడుస్తుంటే, అలవాటవుతుందిలే అనకుండా ఆ ఏడుపును కూడా లెక్కలో రాయించండి. మీవంటి పెద్దలు ఒకరిద్దరు సలహాదారులుగా ఉన్న సెంటర్లు మన నగరంలో రావాలి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, స్కూల్లో ఇంగ్లిష్. పాపకు అయోమయంగా ఉంటుందని, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని థెరపిస్టు అన్నారు. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు.
ఒక తల్లి, నాచారం

జవాబు: ఇంట్లో తెలుగు మానవద్దు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు వెనకబడతాయన్నదానికి పరిశోధనల్లో ఆధారం లేదు. ఇంగ్లిష్ మాత్రమే అని పెట్టుకుంటే జరిగేది, పాపతో రోజంతా గడిపే నాయనమ్మ నోరు మూతపడడం. నేర్పే మాటలు ఏ ఇంట్లో వాడాలో ఆ ఇంటి మాటల్లోనే ఉండాలి. ‘వాటర్’ అని కార్డు చూపించి సెషన్‌లో నూరు మార్కులు తెచ్చుకున్న పాప, ఇంట్లో ‘మంచినీళ్లు కావాలా’ అంటే బిత్తరచూపులు చూస్తే, ఆ మార్కులు దేనికి? తెలుగులో సెషన్ చేయగల మనిషిని ఇమ్మని సెంటర్‌ను గట్టిగా అడగండి. హైదరాబాద్‌లో అదేమీ అసాధ్యమైన కోరిక కాదు.

ప్రశ్న: ఏబీఏ చేసేవారి అర్హతను ఎలా నమ్మాలి? ప్రైవేటు ఫీజులు భరించలేనివారికి దారేమిటి?
ఇద్దరు పాఠకులు, ఉప్పల్, సికింద్రాబాద్

జవాబు: మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో నమోదై ఉండాలి. ఆ సంఖ్య అడిగి సరిచూసుకోవడం మీ హక్కు. ఏబీఏకు ప్రపంచమంతటా చెలామణీలో ఉన్న బీసీబీఏ, అంటే బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్ట్ అర్హతను ఇచ్చే అమెరికా బోర్డు 2023 నుంచి మన దేశంలో ఉండేవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. అంతకుముందు పొందినవారు మాత్రం కొనసాగవచ్చు. ఎక్కువగా జరిగేదేమిటంటే, అర్హత ఉన్న వ్యక్తి పేరు సెంటర్ బోర్డు మీద ఉంటుంది, పిల్లవాడితో కూర్చునేది నిన్నమొన్న చేరినవారు. ఆ పెద్ద నిపుణులు నెలకు ఎన్నిసార్లు స్వయంగా చూస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. సెషన్ చూడడానికి తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోట పిల్లలను వదలకండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆటిజం తీవ్రతను కొలవడానికి ప్రభుత్వం వాడుతున్న 40 అంశాల భారతీయ కొలమానం, ఐఎస్ఏఏ, అక్కడ తయారైందే. పరీక్షలు, శిక్షణ, తల్లిదండ్రులకు ఇంటి సాధన, అన్నీ అక్కడ ప్రైవేటుతో పోలిస్తే నామమాత్రపు ఖర్చుతో అందుతాయి. వేచి ఉండే ఓపిక మాత్రం కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది కాబట్టి వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు, ఆదాయపు పన్ను మినహాయింపులకు అవే ఆధారం. నిరామయ కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ ఉంది, అందులో థెరపీకి విడిగా ఒక పరిమితి ఉంటుంది. ముందు మీరు ఖర్చు పెట్టి తర్వాత బిల్లులు సమర్పించాలి కనుక, ప్రతి సెషన్‌కూ తేదీ, థెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్న రసీదు అడిగి తీసుకోండి. నెలాఖరున ఒకే కాగితం మీద మొత్తం రాసి ఇస్తామంటే ఒప్పుకోకండి.